పక్షధిక్కారము, పదవీభ్రంశము

2011 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభయందు కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గముపై తెలుగుదేశము ప్రతిపాదించిన అవిశ్వాస తీర్మానమునకు, తమ పక్షముల ఆదేశమును త్రోసిపుచ్చి, 16 మంది కాంగ్రెసు సభ్యులును, ప్రజారాజ్యము పక్షమున గెలిచిన సభ్యురాలొకరును సభాముఖమున అనుకూలముగ ఓటువేసిరి. తీర్మానము వీగిపోయెను, మంత్రివర్గము నిలిచెను, మరుసటి మార్చిలో సభాపతి నాదెండ్ల మనోహర్ ఆ 17 మందిని అనర్హులుగా ప్రకటించెను. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వమునుండి చీలివచ్చి 31 దినములు ముఖ్యమంత్రిత్వము నెరపిన నాదెండ్ల భాస్కరరావుగారి కుమారుడే ఈ సభాపతి యగుట మన రాష్ట్ర చరిత్రలో గమనింపదగిన విశేషము. ఆ 17 స్థానములకును, చిరంజీవి రాజ్యసభకు తరలుటచే ఖాళీయైన తిరుపతికిని 2012 జూన్ 12న ఉపఎన్నికలు జరుగగా, 18 స్థానములలో 15 జగన్మోహన్ రెడ్డి స్థాపించిన నూతన పక్షమైన వై.యస్.ఆర్. కాంగ్రెసునకే దక్కెను.

ఆ సభ్యుల రాజకీయము మంచిదా చెడ్డదా యను చర్చ వేరు. వారు బాహాటముగ ధిక్కరించిరి, స్థానములు కోల్పోయిరి, మరల ప్రజల యెదుటికి పోయి తీర్పు కోరిరి. పక్షము తన దండమును ప్రయోగించెను, ఓటరు తన మాట చెప్పెను, ఒకరి యధికారమును మరియొకరు హరింపలేదు. ఫిరాయింపుల నిరోధక చట్టమైన రాజ్యాంగపు పదవ షెడ్యూలు తన ధర్మమును సంపూర్ణముగ నెరవేర్చిన సందర్భములు తెలుగునాట అరుదు. ఇది యట్టి వానిలో నొకటి.

దీని ప్రక్కన తరువాతి చరిత్రను నిలిపి చూడవలెను. 2014 మొదలు 2019 వరకు సాగిన నవ్యాంధ్ర శాసనసభలో వై.యస్.ఆర్. కాంగ్రెసు టిక్కెట్టుపై గెలిచిన 23 మంది సభ్యులు అధికారపక్షమైన తెలుగుదేశపు కండువా కప్పుకొనిరి. వారిలో నలుగురు 2017 ఏప్రిలులో మంత్రులుగా ప్రమాణము చేసిరి. వారిపై దాఖలైన అనర్హతా పిటిషన్లపై సభాకాలము ముగియువరకు ఫలితము తేలలేదు, ఫిరాయింపు కారణముగ ఒక్క స్థానమునకైనను ఉపఎన్నిక రాలేదు. తెలంగాణలో 2014లో తెలుగుదేశము పక్షమున గెలిచిన సభ్యుడొకరు ఆ సంవత్సరమే తెలంగాణ రాష్ట్ర సమితి ప్రభుత్వమున మంత్రి యయ్యెను. 2019 జూన్‌లో కాంగ్రెసు సభ్యులు 18 మందిలో సరిగా 12 మంది, అనగా మూడింట రెండు వంతులు, అధికారపక్షములో విలీనమైరి. ప్రభుత్వము మారిన పిదప ప్రవాహము దిశ మార్చుకొనెను: భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకొన్న ఆ పక్షపు సభ్యులు 10 మంది కాంగ్రెసు వైపు నడచిరి, అందొకరు ఆ శాసనసభా సభ్యత్వముతోనే 2024 లోక్‌సభ ఎన్నికలలో సికింద్రాబాదు నుండి కాంగ్రెసు అభ్యర్థిగా పోటీచేసిరి. సభలో నిలిచి ఎదురు ఓటు వేసినవాడు స్థానము కోల్పోవుటయు, పక్షమునే విడిచి అధికారపు నీడకు చేరినవాడు స్థానమును పదిలపరచుకొనుటయు ఒకే చట్టము క్రింద జరిగినవి.

ఈ చట్టము పుట్టినది ఫిరాయింపునకు విరుగుడుగా, భిన్నాభిప్రాయమునకు కాదు. 1967 ఎన్నికల పిదప హర్యానాలో గయాలాల్ అను సభ్యుడు పదునైదు దినములలోనే మూడుమార్లు పార్టీ మారినప్పుడు దేశమంతయు నివ్వెరపోయెను. ఆ యేడే లోక్‌సభలో ఈ విషయమై విచారణకు సంఘమును నియమింపవలెనని తీర్మానము ప్రతిపాదించినవారు కర్నూలు జిల్లాకు చెందిన పెండేకంటి వెంకటసుబ్బయ్యగారు. ఆ తీర్మానము ఫలముగ యశ్వంతరావు చవాన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము బయటపెట్టిన లెక్కలు రోగమూలమును చూపినవి: ఎన్నికల తరువాతి యొక్క యేడాదిలోనే 438 ఫిరాయింపులు, ఏడు రాష్ట్రములలో పక్షము మారిన 210 మంది సభ్యులలో 116 మందికి, తాము నిలబెట్టిన మంత్రివర్గములలోనే పదవులు. ఆశయభేదమున పక్షము వీడినవారిలో సగమునకు మించి మంత్రులగుట సంభవము కాదు. 1973లోను, 1978లోను వచ్చిన సవరణ బిల్లులు గట్టెక్కలేదు. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ రామారావు ప్రభుత్వమును బర్తరఫు చేయుటయు, శాసనసభ్యులను నాచారములోని రామకృష్ణా స్టూడియోలోను, తరువాత కర్ణాటకలోను కాపాడుకొనవలసి వచ్చుటయు, నెల తిరుగునప్పటికి రామారావు మరల అధికారము చేపట్టుటయు దేశమంతయు చూచినది. మరుసటి జనవరిలోనే, రాజీవ్ గాంధీ ప్రభుత్వము తెచ్చిన 52వ రాజ్యాంగ సవరణ పార్లమెంటు ఆమోదము పొందెను.

అయితే ఆ సవరణ రెండు భిన్నమైన చర్యలకు ఒకే శిక్ష విధించెను. పక్ష సభ్యత్వమును స్వచ్ఛందముగ వదలుకొనుట యొకటి. పక్షాదేశమునకు విరుద్ధముగ ఓటువేయుట లేక ఓటింపునకు దూరముగ నుండుట రెండవది. రెండవ దానిని 15 దినములలోగా పక్షము క్షమించినచో దోషము మాసిపోవును. అనగా ఒకే తప్పు చేసిన ఇరువురిలో ఒకరిని మన్నించి వేరొకరి స్థానమును పోగొట్టు శక్తి నాయకుని చేతిలో నుండును. 1992లో కిహోటో హోలోహాన్ కేసున సుప్రీంకోర్టు ముగ్గురికి ఇరువురుగా ఈ షెడ్యూలును సమర్థించుచునే, విప్ యొక్క ప్రయోగము ప్రభుత్వపు మనుగడకును, పక్షము ఎన్నికలలో ప్రజలకు చెప్పిన ప్రధాన కార్యక్రమమునకును పరిమితము కావలెనని సూచించెను. పక్షములు ఆ సూచనను పాటింపవు. ఏ సాధారణ బిల్లుకైనను విప్ వెలువడును. సభ్యుడు దానిని చదివియైనను చూడకుండ చేయెత్తును. సభలో వాదము ఎవరి మనస్సునైనను మార్చవచ్చునన్న ఆశ నశించుటతో చర్చయే నిష్ప్రయోజనమగుచున్నది. ఈ నష్టమే నన్ను మిక్కిలి బాధించునది.

2014 ఫిబ్రవరిలో రాష్ట్ర విభజనను వ్యతిరేకించి, తమ ప్రభుత్వముపైనే అవిశ్వాసమునకు నోటీసు ఇచ్చిన ఆరుగురు సీమాంధ్ర లోక్‌సభ సభ్యులను కాంగ్రెసు బహిష్కరించెను. తెలంగాణ ప్రజల ఆకాంక్ష న్యాయమైనదని నమ్మువారు సైతము, తమ నియోజకవర్గముల మనోగతమును ఢిల్లీలో వినిపించుట ఆ ఆరుగురి కర్తవ్యమే యని ఒప్పుకొనక తప్పదు. వారిని బహిష్కరించు హక్కు కాంగ్రెసునకు లేదా? నిశ్చయముగ కలదు. స్వీయ ప్రభుత్వమును కూల్చుటకు నోటీసు ఇచ్చినవారిని ఏ పక్షమును తన సభ్యులుగ భరింపనక్కరలేదు. 1999 ఏప్రిలులో వాజపేయి ప్రభుత్వము 269కి 270గా ఒక్క ఓటుతో పడిపోయినప్పుడు, పక్షాదేశమును కాదని ఓటువేసిన సైఫుద్దీన్ సోజ్‌ను నేషనల్ కాన్ఫరెన్సు వెలివేయుటయు నట్టిదే. టిక్కెట్టు నిరాకరించుట, పదవులు తొలగించుట, సభ్యత్వము రద్దుచేయుట పక్షము చేతిలోని న్యాయమైన దండములు. శాసనసభా స్థానము మాత్రము పక్షము దయచేసినది కాదు; దానిని ఇచ్చినది ఓటరు.

బ్రిటనులో 2019 సెప్టెంబరున బోరిస్ జాన్సన్ బ్రెగ్జిట్ విషయమై ఎదురుతిరిగిన 21 మంది స్వపక్ష సభ్యులను పార్లమెంటరీ పక్షమునుండి తొలగించెను. చర్చిల్ మనుమడు నికొలస్ సోమ్స్ కూడ వారిలో నుండెను. 2024 జూలైలో పిల్లల భత్యమునకు సంబంధించిన నిబంధనపై ఎదురు ఓటు వేసిన ఏడుగురిని లేబరు పక్షమును అట్లే సస్పెండు చేసెను. ఇరుపక్షముల తిరుగుబాటుదారులును పార్లమెంటు సభ్యులుగనే నిలిచిరి. అయినను ఆ పద్ధతిని యథాతథముగ ఇచటికి తెచ్చుట నాకు సమ్మతము కాదు. మన పల్లెలలో ఓటరు చేయి గుర్తును, సైకిలును, ఫ్యానును, కారును చూచి మీట నొక్కును. ఆ గుర్తుపై గెలిచి వేరొక గుర్తు నీడకు చేరినవాడు పక్షమునకంటె ఓటరునకే ఎక్కువ ద్రోహము చేసినవాడు. అట్టివాని స్థానము తత్క్షణమే ఖాళీ కావలెను. 1985 నాటి చట్టము అనుమతించిన మూడింట నొకవంతు చీలికను 2003 నాటి 91వ సవరణ తొలగించెను గాని, మూడింట రెండువంతుల విలీనమును మిగిల్చెను. ఒక్కడు చేసిన దోషము పండ్రెండుగురు కలసి చేసినచో ధర్మమెట్లగును?

తీర్పరి యెవరను ప్రశ్న అన్నిటికంటె తీవ్రమైనది. అధికారపక్షపు బలముతో ఎన్నికై, ఆ బలము తొలగిన నాడు తొలగు సభాపతి, ఆ పక్షమునకు లాభించిన ఫిరాయింపును నిష్పక్షపాతముగ విచారించునని ఆశించుట కష్టమని 1992లోనే భిన్నతీర్పు వ్రాసిన న్యాయమూర్తులు శర్మ, వర్మలు గుర్తించిరి. 2020లో మణిపురపు కేసున స్వతంత్ర ట్రిబ్యునలు కావలెనని సుప్రీంకోర్టు పార్లమెంటును కోరెను. 2025 జూలై 31న తెలంగాణ సభ్యులు పదిమంది విషయమున మూడు నెలలలోగా నిర్ణయింపుమని సభాపతిని ఆదేశించుచు, ఈ యేర్పాటు తన ప్రయోజనమును సాధించుచున్నదా యని పార్లమెంటే ఆలోచింపవలెనని మరల చెప్పెను.

మార్గము క్రొత్తగ వెదుకనక్కరలేదు. విశ్వాస పరీక్ష, ద్రవ్యబిల్లు, రాష్ట్రపతి ప్రసంగమునకు ధన్యవాద తీర్మానము వంటి కొలది సందర్భములకే విప్‌భంగమువలని అనర్హతను పరిమితము చేయవలెననియు, నిర్ణయము ఎన్నికల సంఘపు సలహాపై రాష్ట్రపతి గాని గవర్నరు గాని చేయవలెననియు దినేశ్ గోస్వామి సంఘము 1990లోనే సిఫారసు చేసినది. దానికి విలీనపు వెసులుబాటు రద్దును, నిర్ణయమునకు గడువును చేర్చిన చాలును. పార్లమెంటులో రెండు తెలుగు రాష్ట్రములకు ఉభయసభలలో కలిపి 60 స్థానములున్నవి. ఫిరాయింపుల వలన ఒకనాడు నష్టపోయి మరియొకనాడు లాభపడని ప్రధాన ప్రాంతీయ పక్షము ఇచట లేదు. నష్టపోయిన నాడు కోర్టు మెట్లెక్కిన పక్షములు లాభము పొందుచున్న నాడే ఈ సవరణకు పూనుకొనవలెను. వెంకటసుబ్బయ్యగారు 1967లో లోక్‌సభ ముందుంచిన పనిని వారి ప్రాంతపు సభ్యులే పూర్తిచేయుదురుగాక.