సంస్థ పరిమాణమే లాభానికి కొలమానమా?

వినియోగ వస్తువుల పరిశ్రమలో సంస్థ ఎంత పెద్దదైతే అంత లాభమన్న అభిప్రాయం బలంగా ఉంది. రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు ప్రాసెసింగ్ యూనిట్లను సూచించేటప్పుడు తరచు ఇదే ప్రాతిపదిక అవుతోంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల అనుభవం ఈ అభిప్రాయాన్ని సవరించుకోవాలని సూచిస్తోంది.

కొన్ని దశల్లో పెద్ద పరిమాణం తప్పనిసరి. పెదవేగి పరిసరాల్లో విస్తరించిన ఆయిల్ పామ్ ఇందుకు ఉదాహరణ. కోసిన గెలలను 24 గంటలలోపు మిల్లుకు చేర్చకపోతే స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరిగి నూనె నాణ్యత తగ్గుతుంది. బాయిలర్, స్టెరిలైజర్ వంటి యంత్రాల వ్యయం టన్నుకు తగ్గాలంటే మిల్లు పెద్దదిగా ఉండి, గెలలు నిలకడగా అందాలి. 1993 నాటి రాష్ట్ర చట్టం ఒక్కొక్క మిల్లుకు నిర్ణీత ప్రాంతాన్ని కేటాయించడానికి వీలు కల్పించింది. తవుడు విషయమూ ఇంతే. బియ్యం మిల్లు చిన్నదైనా, తవుడులోని లైపేజ్ నూనెను త్వరగా పాడుచేస్తుంది కనుక అనేక మిల్లుల తవుడును వెంటనే సేకరించగల పెద్ద సాల్వెంట్ ప్లాంటు అవసరం. నూనె తీసిన ఆ తవుడే కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో బొచ్చె, శీలావతి చేపలకు మేత అవుతోంది.

అయితే పరిమాణం ఒక్కటే సంస్థను కాపాడలేదు. దేశంలోని అతిపెద్ద వంటనూనె సంస్థల్లో ఒకటైన రుచి సోయా అప్పుల భారంతో 2017 డిసెంబరులో దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్లింది. 2019లో పతంజలి దానిని స్వాధీనం చేసుకుంది. ఇండోనేషియా, మలేషియా దిగుమతులు, కస్టమ్స్ సుంకం ధరను శాసించే చోట లాభపు అంచు పలుచన. అప్పు పెరిగితే అది మిగలదు.

చేపల పచ్చడి, మామిడి తాండ్ర వంటి వస్తువుల తీరు వేరు. అక్కడ లాభం యంత్రం కంటే రుచి, శుభ్రత, కొనుగోలుదారుని నమ్మకంపై ఎక్కువగా ఆధారపడుతుంది. మామిడి సీజను ముగియగానే పెద్ద యంత్రం ఖాళీగా ఉంటుంది, వడ్డీ మాత్రం ఆగదు. 2020లో ప్రారంభమైన సూక్ష్మ ఆహార ప్రాసెసింగ్ పథకం 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఇస్తుంది. ఆ రాయితీ యంత్రపు ఖరీదును తగ్గిస్తుంది కాని, ఖాళీ దినాలను తగ్గించదు.

కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు యూనిట్ సామర్థ్యాన్ని సూచించే ముందు మూడు విషయాలు లెక్కించాలి: ముడిసరుకు ఎన్ని గంటలు నిలుస్తుంది? యంత్రం ఏడాదిలో ఎన్ని రోజులు నడుస్తుంది? నడవని రోజుల వడ్డీని ఎవరు భరిస్తారు? మూడవ ప్రశ్నకు సమాధానం రైతే అయినప్పుడు, సొంత యూనిట్ కంటే ఉమ్మడి యంత్రమో, పెద్ద మిల్లుతో న్యాయమైన ధర ఒప్పందమో మేలు.