ఉమ్మడి సమాధుల తోట



శారా చనిపోయినప్పుడు అబ్రాహాము నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చి, మక్పేలాలో సమాధి స్థలము కొనెను (ఆదికాండము 23). అతనికి వెండి యుండెను. లేనివారి సంగతి ఏమి?

ఈ ప్రశ్నకు ఇంగ్లండు దేశము ఇచ్చిన జవాబును ఈ నెల చెప్పుకొందము. అక్కడ పూర్వము చనిపోయినవారిని ఎక్కువగా తమ పారిష్ చర్చి ఆవరణములోనే పాతిపెట్టెడివారు. పట్టణములు పెరిగి ఆ స్థలములు నిండిపోయినవి. 1848–49లో ఒక్క లండనులోనే సుమారు 14 వేల మంది కలరాతో చనిపోయిరి. మరియొక బాధ కూడ ఉండెను. ఆ ఆవరణములో ఆంగ్లికన్ క్రమమే జరుగవలెను. బాప్తిస్మము లేక చనిపోయినవారికి ఆ క్రమము చదువరు. కాబట్టి బాప్టిస్టు తలిదండ్రులు తమ పసిబిడ్డను అక్కడ ప్రార్థన లేకయే మంటికి అప్పగించవలసి వచ్చెడిది.

1852లో లండనుకు, 1853లో మిగిలిన ఇంగ్లండుకు చట్టములు వచ్చినవి. పారిష్ ప్రజలు బోర్డు నేర్పరచుకొని స్థలము కొనవచ్చును. ఒక్క పారిష్‌కు భారమైనచో రెండు మూడు కలిసి ఒకే స్థలము కొని, ఖర్చులో ఎవరి వాటా యెంతో ఒప్పుకొనవచ్చును. బీదల పోషణకై వసూలు చేయు పన్నులోనుండియే ఆ సొమ్ము చెల్లింతురు. తోటలో ఒక భాగము ఆంగ్లికనులది. రెండవ భాగములో ఇతరులు తమ పాస్టరుచేతనే ప్రార్థన చేయించుకొనిరి. పాత చర్చి ఆవరణములలో ఆ స్వేచ్ఛ 1880లో గాని రాలేదు. నేటికిని కొన్నిచోట్ల ఇరుగు పొరుగు పారిష్ కౌన్సిళ్లు ఉమ్మడి కమిటీ ద్వారా సమాధుల తోటను నడుపుచున్నవి. వారి వాటా ఇంటిపన్నుతో కలిసి వసూలగును.

మన యొద్ద 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము శ్మశానముల ఏర్పాటును గ్రామ పంచాయతీ విధులలో చేర్చినది. అయినను శవమును ఇంటి ముందుంచుకొని చోటు కొరకు తిరిగిన కుటుంబములను మేమెరుగుదుము. ఊరిలో నాలుగు గడపలే మనవైనచో పొరుగూరి సంఘముతో కలిసి అడుగుదము. చావు వచ్చిన దినమున కాదు, గ్రామసభ జరుగు దినముననే అడుగుదము. మన పన్ను బాకీ లేకుండ కట్టి మరీ అడుగుదము. దొరికిన చోటును మన శాఖవారికి మాత్రమే అని కంచె వేయకుందము.

మన ప్రభువును ఉంచిన సమాధి ఆయన సొంతము కాదు, అరిమతయియ యోసేపుది. పొరుగువానికి చోటిచ్చు అట్టి మనసు ప్రభువు మనకు దయచేయును గాక.