నరకాసురుడికి ఐదు మార్కులు, దండారికి సున్నా

కొన్నేళ్ల కిందట మా బడిలో నాలుగో తరగతి పరీక్షకు ఒక ప్రశ్న ఇచ్చాం. దీపావళి ఎందుకు జరుపుకుంటాం? ఐదు మార్కులు. ఒక పిల్ల ఇట్లా రాసింది: "మా ఊళ్లో దండారి ఆడతం. వేరే ఊరోళ్లు వస్తరు. అందరికి అన్నం పెడతం. గుస్సాడీని చూస్తే మా తమ్ముడు ఏడుస్తడు." అంతే. నరకాసురుడి పేరే లేదు. సున్నా వేశాం. వేసింది పట్నం నుంచి వచ్చిన సార్లు కాదు, మేమే. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడే గోండీయే మా ఇళ్లలోనూ మాట్లాడతాం. కానీ టీటీసీలో మాకు నేర్పింది జవాబు పుస్తకంలో ఉన్నట్టు ఉందా లేదా చూడమనే.

ఆ పుస్తకం జవాబు సంగతే చూద్దాం. కృష్ణుడు, సత్యభామ నరకుణ్ణి చంపారు, జనం దీపాలు పెట్టారు. ఇది మన వైపు చెప్పే కథ. ఉత్తరాదికి పోతే రాముడు అయోధ్యకు తిరిగొచ్చిన రోజంటారు. జైనులకు మహావీరుడి నిర్వాణం. బెంగాల్లో ఆ రాత్రి కాళీపూజ. మా పక్కనే పెన్‌గంగ దాటి మహారాష్ట్రలోకి పోతే, అమావాస్య మర్నాడు బలి పాడ్యమి. వామనుడు తొక్కేసిన బలిచక్రవర్తి రాజ్యం మళ్లీ రావాలని అక్కడి ఆడవాళ్లు కోరుకుంటారు. జోతిరావు ఫూలే 1873లో అచ్చువేసిన 'గులాంగిరీ'లో ఆ బలి శూద్రుల, రైతుల రాజు. ఇక నరకుడంటారా, ఆయన ఊరు ప్రాగ్జ్యోతిషం, అంటే ఇప్పటి అస్సాం. ఏడో శతాబ్దంలో అక్కడ ఏలిన భాస్కరవర్మ, తాము నరకుడి వంశం వాళ్లమని రాగిశాసనంలో గొప్పగా చెక్కించుకున్నాడు. ఒక చోట చంపదగ్గ రాక్షసుడు, ఇంకో చోట మూలపురుషుడు! ఇన్ని కథల్లో ఒక్కదాన్ని పట్టుకొని 'ఎందుకు జరుపుకుంటాం' అని అడిగితే, ఆ 'మనం'లో ఎవరున్నారు?

బడి గోడకు వేలాడే పటంలో రాక్షసుడికి నల్లటి ఒళ్లు, తలమీద కొమ్ములు, నడుముకు తోలు. ఒక పిల్లవాడు ఆ బొమ్మ మీద వేలు పెట్టి "సార్, ఈయన గుస్సాడీనా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు. గుస్సాడీకీ కొమ్ములుంటాయి, నెమలి ఈకల కిరీటం ఉంటుంది, ఒంటినిండా బూడిద, భుజాన తోలు, చేతిలో కర్ర ఉంటాయి. అయితే ఆ వేషం వేసినవాడు మాకు దేవుడితో సమానం. పండుగ ముగిసేదాకా స్నానం చెయ్యడు, కట్టిన దీక్ష విప్పడు. పెద్దలు కూడా అతనికి మొక్కుతారు.

దండారి ఒక రాత్రి టపాసులు కాల్చి పడుకునే పండుగ కాదు. ఆశ్వయుజ పౌర్ణమి దాటాక భోగితో మొదలవుతుంది, దీపావళి దాటాక కోలబోడితో ముగుస్తుంది. ఏత్మాసూర్ పేన్‌కు పూజ చేసి డప్పు, గుమేల, పెప్రె బయటికి తీస్తారు. ఒక ఊరి దండు ఇంకో ఊరికి చుట్టాలుగా పోతుంది. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి కాళ్లు కడిగి, పీటలేసి, ఉన్నదేదో వండి పెడతారు. రాత్రంతా ఆట. ఏ ఇంట్లో పిల్ల ఎదిగింది, ఏ ఇంట్లో పిల్లవాడు ఉన్నాడు అనే మాట అక్కడే కలుస్తుంది. పాత తగాదాలు అక్కడే తెగుతాయి. గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకోకు మొక్కు చెల్లించడానికి ఎంతెంత దూరాల నుంచో కదులుతారు. ఒక ఊరు రాలేదంటే ఆ ఏడంతా చెప్పుకుంటారు.

ఇప్పుడు సెలవుల లెక్క చూడండి. దసరాకు పది రోజులకు పైగా బడి మూత. విజయదశమి పోయిన ఐదో రోజు పౌర్ణమి. అంటే అందరి పండుగ అయిపోయి బడి తలుపు తీసేసరికి మా పండుగ మొదలు! అదే పౌర్ణమికి జోడేఘాట్‌లో కుమ్రం భీం వర్ధంతి జరుపుతారు, పెద్దలంతా వచ్చి దండలేసి పోతారు. తెల్లారి నుంచి మా తరగతులు సగం ఖాళీ. రిజిస్టర్లో వరుసగా గైర్హాజరు గుర్తులు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి "మీ ఆదివాసులకు చదువంటే లెక్కలేదు" అని మా మొహం మీదే అన్నాడు. ఆ నెలలోనే ఆయనకు స్వాగతం చెప్పడానికి గుస్సాడీలను పిలిపించి రోడ్డు మీద గంటసేపు ఎండలో నిలబెట్టారు. ఆటకు మేం కావాలి, ఆ ఆట ఉన్న రోజులు మాత్రం అక్కర్లేదు. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు బడుల్లో చప్పట్లు కొట్టించారు. ఆయన ఏ నెలలో ఆడతారో ఎవరూ అడగలేదు.

కొందరు తోటి ఉపాధ్యాయులు అంటారు, "మీదీ దీపావళే కదా, ఎందుకు వేరు చేస్తారు" అని. మేం ఎవరి దీపాలూ ఆర్పడం లేదు. మా పిల్లలూ కాకరపువ్వొత్తులు కాలుస్తారు, వద్దంటే వింటారా! మాది దీపావళి వేళ వస్తుంది కాబట్టి దీపావళిలో భాగమనడం, పక్కింటివాడు మన గోడను ఆనుకొని ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి మన ఇల్లూ వాడిదే అనడం లాంటిది. మా కథ పర్ధాన్ల నోట, కిక్రి తీగమీద ఉంది. అది అచ్చు కాలేదు కాబట్టి లేదంటే ఎట్లా? 1943లోనే, నిజాం పాలనలో, ఇదే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ పెట్టి గోండీలో వాచకాలు తెచ్చారు. ఎనభై ఏళ్ల తర్వాత మేం అక్కడికి కూడా చేరలేదు.

మేం అదనంగా ఒక్క రోజు కూడా అడగడం లేదు. గోండు, కోలాం పిల్లలు చదివే బడుల్లో దసరా సెలవుల నుంచి ఒక వారం తీసి దీపావళి ముందు ఇవ్వండి. పరీక్షలో 'మీ ఊళ్లో దీపావళి రోజుల్లో ఏం చేస్తారు' అని అడగండి. రెండోదానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు, వచ్చే యూనిట్ పరీక్షకు మేమే ఆ ప్రశ్న రాస్తున్నాం. సున్నా వచ్చిన ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉంది. ఆ కాగితం ఎక్కడా దొరకలేదు.