యు థాంట్‌పై పడిన నింద

ఒక దేశపు రాయబారికి ఆ దేశ ప్రభుత్వం అండగా నిలుస్తుంది. అంతర్జాతీయ సంస్థలో అధికారిగా చేరిన దౌత్యవేత్తకు అటువంటి అండ లేదు. ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోని 100వ అధికరణం ప్రకారం ప్రధాన కార్యదర్శి ఏ ప్రభుత్వం నుండీ, చివరకు స్వదేశం నుండి సైతం, ఆదేశాలు స్వీకరించరాదు. ఈ నియమం ఉన్నతమైనదే. కాని దానిని పాటించినవానికి కష్టకాలంలో తోడు నిలిచేవారు అరుదు. బర్మా దేశీయుడైన యు థాంట్ జీవితమే ఇందుకు నిదర్శనం.

1909లో పంతనావ్ పట్టణంలో జన్మించి, అక్కడి పాఠశాలలోనే ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన 1957లో సమితిలో బర్మా శాశ్వత ప్రతినిధి అయ్యారు. 1961లో డాగ్ హామర్‌షెల్డ్ విమానం కూలి మరణించగా ప్రధాన కార్యదర్శి బాధ్యత ఆయనపై పడింది. మరుసటి ఏడాదే క్యూబా క్షిపణి సంక్షోభం తలెత్తింది. ఆయుధ రవాణాను ఒకరు, నౌకా దిగ్బంధాన్ని మరొకరు కొద్ది వారాలు నిలిపివేయవలసిందిగా ఆయన 1962 అక్టోబరు 24న కృశ్చేవ్‌కు, కెనెడీకి లేఖలు వ్రాశారు. శత్రువు బెదిరింపుకు లొంగడం నాయకులకు అవమానం. సమితి అభ్యర్థనను మన్నించడం గౌరవం. ఆ గౌరవప్రదమైన దారిని ఆయన చూపారు. 1963 జనవరిలో ఉభయ దేశాలూ ఉమ్మడి లేఖలో ఆయనకు కృతజ్ఞతలు తెలిపాయి. అయినా ఆ కథ చెప్పేవారు ఆయన పేరు తలచడం తక్కువ.

నింద మాత్రం అందరికీ గుర్తుంది. 1967 మేలో ఈజిప్టు కోరగా ఆయన సమితి శాంతిసేనను ఉపసంహరించారు. జూన్ 5న యుద్ధం మొదలైంది. ఆయన తొందరపాటే అందుకు కారణమని విమర్శకులు ఆరోపించారు. ఇది న్యాయమైన తీర్పు కాదు. 1956 నుండి ఆ సేన ఈజిప్టు అనుమతితోనే అక్కడ నిలిచింది. తమ వైపు దానిని ఉంచుకొనడానికి ఇజ్రాయెల్ అంగీకరించలేదు. సైనికులను పంపిన భారతదేశం, యుగోస్లావియా ఉపసంహరణకే మొగ్గాయి. మూడువేల పైచిలుకు సైనికులతో, ఆతిథ్యదేశం వద్దన్న తరువాత, ఆయన ఎవరిని అడ్డగించగలరు? అయినా స్వయంగా కైరో వెళ్లి నాసర్‌తో మాట్లాడారు. భద్రతామండలి చేయలేకపోయిన పనికి ఒక ఉద్యోగిని దోషిగా నిలపడం పెద్ద దేశాలకు సులభం.

1974 నవంబరులో ఆయన మరణించారు. భౌతికకాయం రంగూన్ చేరినప్పుడు నె విన్ ప్రభుత్వం అధికార లాంఛనాలు నిరాకరించింది. విశ్వవిద్యాలయ విద్యార్థులే శవపేటికను తమ ప్రాంగణానికి తీసుకొనిపోయి, గౌరవంగా సమాధి చేశారు. కొద్ది రోజులకే సైన్యం వచ్చి దానిని తరలించింది.