ఆసుపత్రి కల్మషము – వైద్యుల విధి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో ఆసుపత్రులు నానాటికి పెరుగుచున్నవి. 2019లో సూర్యాపేటకు ప్రభుత్వ వైద్యకళాశాలయు వచ్చినది. సంతోషమే. కాని రోగికి గ్రుచ్చిన సూది, నెత్తుటి దూది, కోసి తీసిన అవయవము పిదప నెచ్చటికి పోవుచున్నవో ఎఱిగిన వైద్యులెందఱని మేమడుగుచున్నాము.

చట్టము లేదనరాదు. 1998లోనే నిబంధనలు వెలువడినవి. వాని స్థానమున 2016లో క్రొత్తవి వచ్చినవి. నెత్తుటి గుడ్డ పసుపు సంచికి, ప్లాస్టిక్ గొట్టము ఎఱ్ఱ సంచికి, సూది తెల్లని గట్టి డబ్బాకు, గాజు సీసా నీలి పెట్టెకు పోవలయును. నెత్తుటి వ్యర్థమును శుద్ధి చేయక 48 గంటలకు మించి నిలువ యుంచరాదు. వేఱుచేయుట చెత్త పుట్టిన చోటనే, అనగా వైద్యుని చేతి ప్రక్కనే జరుగవలయును. ఆసుపత్రి చెత్తలో ఇంచుమించు నూటికి 85 పాళ్లు ఇంటిచెత్త వంటిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తక్కిన 15 పాళ్లను దానిలో కలిపినచో మొత్తమంతయు విషమే.

"అది ఊడ్చువారి పని" యను మాట పలుమాఱు వినవచ్చుచున్నది. ఇది చట్టవిరుద్ధము. నిబంధనలు బాధ్యతను ఆసుపత్రి నిర్వాహకునిపైననే మోపినవి. ఒక్క మంచమైన లేని క్లినిక్కును సైతము విడువలేదు. సిబ్బందికి కొలువున చేరినప్పుడును, ఏటేటను శిక్షణ యొసగవలయును. హెపటైటిస్-బి టీకా వేయింపవలయును. టీకా లేనివానికి ఆ రోగి నెత్తురంటిన సూది గ్రుచ్చుకొనినచో వ్యాధి సోకుట నూటికి 6 మొదలు 30 వఱకు నుండును. 2009లో గుజరాతునందలి మొడాసాలో వాడిన సిరంజులు మరల వాడుటచే ఆ వ్యాధి ప్రబలి పెక్కుమంది మరణించిరి. పాఱవేసిన సూది మరల బజారుకెక్కుట ఎంత తేలికయో వైద్యులు తలపోయవలయును.

1941లో చిలుకూరున ఆంధ్ర మహాసభ జరిగిన సీమ యిది. వెట్టిని ధిక్కరించిన సీమ. ఒకరి మలినమును వేఱొకరు, అందులో నేమున్నదో తెలియక, చేతితొడుగైన లేక మోయుట వెట్టి గాక మఱేమి? ఈ మాట కొందఱు వైద్యమిత్రులకు కటువుగా తోచవచ్చును. తోచనిండు.

ప్రతి యాసుపత్రియు ఏటేట జూన్ 30 లోపల అధికారులకు నివేదిక పంపవలసి యున్నది. శిక్షణ యెందఱికిచ్చిరో, ప్రమాదము లెన్ని జరిగెనో అందు వ్రాయవలయును. ఆ నివేదికను తెలుగున వ్రాసి, ఈ మూడు పట్టణముల వైద్యులును తమ ఆసుపత్రి ద్వారమున నంటింతురా?