రాజమార్గమును అడ్డదారులును

సంక్రాంతి ముందు నాలుగు దినములు హైదరాబాదు నగరము సగము ఖాళీయగునని లోకోక్తివంటి మాట యొకటి గలదు. ఆ సగము ఎచ్చటికి పోయినదో చూడగోరువారు చౌటుప్పల్ చెంత పంతంగి టోలుగేటు కడకు పోవలెను. కారుల వెనుక కారులు, బస్సుల వెనుక బస్సులు చీమలబారు వలె నిలిచి, ఒక్కొక్క బారెడు జరుగుచుండును. పిల్లలు ఆకలికి ఏడ్చుచుందురు. వృద్ధులు బండి దిగి నడుములు సరిచేసికొనుచుందురు. ఈ దృశ్యము ఏటేట పత్రికలలో ఛాయాపటముగ వెలువడును. ఏటేట మనము దానిని చూచి నిట్టూర్చుదుము. మరునాడు తెల్లవారుజామున మనమును అదే బారులో చేరుదుము.

ఈ మార్గము నిన్న పుట్టినది కాదు. గోలకొండ సుల్తానుల నాడు మచిలీపట్టణపు రేవునుండి రాజధానికి వర్తకుల బిడారులు నడచిన దారికి ఇది వారసురాలు. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఈ ప్రయాణమును తన యాత్రాగ్రంథమున వర్ణించియున్నాడు. చాలకాలము 9వ నంబరు జాతీయ రహదారియని పిలువబడి, 2010లో నంబరులు మార్చినపుడు 65వది యైనది. 2012 నాటికి నాలుగు వరుసలు ఏర్పడినవి. హైదరాబాదు విజయవాడల నడుమ దూరము సుమారు 270 కిలోమీటర్లు. సామాన్య దినములలో అయిదు గంటలకు అటునిటుగ ముగియు ప్రయాణము పండుగ నాడు ఎన్నిగంటలు పట్టునో బయలుదేరువాడు చెప్పలేడు, జ్యోతిష్కుడును చెప్పలేడు.

ఇట్టి సమయమున మనవారు చేతిఫోనును ఆశ్రయించుచున్నారు. అది క్షణములో మరియొక దారిని గీసి, ఇరువది నిమిషములు కలిసివచ్చునని ఆశపెట్టును. వెంటనే బండి రాజమార్గమును విడిచి ఏదో ఊరి పుంతలోనికి మరలును. దాని వెనుక మరి నలుబది బండ్లు మరలును. ఏలయన వారి ఫోనులును అదే సలహా చెప్పినవి. అర్ధగంటలో ఆ పుంతయు మూసికొనిపోవును.

ఈ విషయమును శాస్త్రజ్ఞులు ఎన్నడో పరిశీలించిరి. ఆంగ్ల అర్థశాస్త్రవేత్త పిగూ 1920లోనే రెండు దారుల ఉదాహరణము నెత్తుకొనెను. 1952లో వార్డ్రాప్ అను నతడు దీనికి సూత్రములు కట్టెను. లెక్క సులభమైనది, పాఠకులు వ్రేళ్ళమీద చేసికొనవచ్చును. ఒక విశాలమైన చుట్టుదారి గలదు. దానిమీద ఎందరు పోయినను 60 నిమిషములే. ఒక ఇరుకైన దగ్గరదారి గలదు. దానిమీద ఎన్ని బండ్లు పోవునో అన్ని నిమిషములు పట్టును. 60 బండ్లు బయలుదేరినవనుకొందము. దగ్గరదారి ఎన్నడును 60 నిమిషములకు మించదు గదా యని ప్రతివాడును దానినే పట్టును. ఫలితముగ అందరికిని 60 నిమిషములే. అందు 30 బండ్లు చుట్టుదారిని పోయినచో వారికి 60 నిమిషములే పట్టును, వారికి నష్టము లేదు. తక్కిన 30 బండ్లు 30 నిమిషములలో చేరును. ఎవనికిని కీడు లేకుండ సగముమందికి సగముకాలము మిగులును. ఐనను తమంతట తామీ పంపకము చేసికొనరు. ప్రతివాడును తన లెక్క తాను సరిగానే చేయును. అందరి లెక్క మాత్రము తప్పును. 1968లో బ్రేస్ అను జర్మను గణితవేత్త ఇంకను విపరీతమైన సంగతిని నిరూపించెను. కొన్ని సమయములందు క్రొత్త దారి నొకదానిని తెరచుటచేతనే అందరి ప్రయాణమును ఆలస్యమగునట. రోడ్లను వేయుచు పోయినచో రద్దీ తీరునని నమ్ము మంత్రివర్యులు ఈ గణితమును ఒకమారు చదివించుకొనుట మంచిది.

ఫోను ప్రతివానికిని వాని నిమిషములనే చెప్పును. ఆ దారి ఇంత బరువును మోయగలదా యని అది అడుగదు. పుష్యమాసమున మన పల్లెదారు లెట్లుండునో పట్టణవాసులకు జ్ఞాపకము చేయవలసియున్నది. కోసి నూర్చిన ధాన్యము రోడ్డుమీద ఆరబోయబడియుండును. కళ్ళములు లేని రైతునకు అదియే కళ్ళము. పత్తి బస్తాలతో ట్రాక్టరులు, మిర్యాలగూడెమువైపున మిల్లులకు పోవు ధాన్యపు బండ్లు, దాచేపల్లి పిడుగురాళ్ళ ప్రాంతమున సిమెంటు లారీలు ఆ దారిమీదనే పోవలెను. వాకిటి ముగ్గులో గొబ్బెమ్మలు పెట్టు ఆడుపిల్లలు, గాలిపటము వెంట ఆకాశమును చూచుచు పరుగిడు కుర్రవారు ఆ అంచుననే యుందురు. అట్టి దారిమీదికి, గంటకు నూరు కిలోమీటర్ల వేగమునకు అలవడిన కాలును, ఆలస్యమునకు మండిపోవు మనస్సును గల మనుష్యుడు వచ్చుచున్నాడు. పది నిమిషములు ఆదాచేసికొను ఆ ప్రయాణికుని ఖర్చును ఆ పల్లె చెల్లించుచున్నది.

ఐనచో పల్లెలు బయటివారిని రానీయక గొలుసులు కట్టవలెనా? అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున లియోనియా అను చిన్న పట్టణము 2018 జనవరిలో అట్లే చేసెను. న్యూయార్కు వంతెనకు పోవు కారులు ఫోనుల సలహాపై తమ వీధులలో నిండుచున్నవని, రద్దీవేళలలో బయటివారి నిషేధించి జుల్మానా విధించెను. అదే సంవత్సరము న్యాయస్థానము ఆ శాసనమును కొట్టివేసెను. మా అభిప్రాయమున అది సమంజసమే. దారి ఒక ఊరి సొత్తు కాదు. అందరి సొత్తునకు కట్టుబాటు అక్కరలేదని మాత్రము ఎవ్వరును అర్థము చేసికొనరాదు.

ఆ కట్టుబాటు మన శాసనములోనే గలదు. (వకీళ్ళకు సెక్షను చూపనిదే నిద్రపట్టదని పాఠకులు నవ్వినను సరియే.) 1988 మోటారు వాహనముల చట్టము 115వ సెక్షను క్రింద ప్రజల క్షేమమునకో సౌకర్యమునకో, రోడ్డు లేక వంతెన స్థితిని బట్టియో, ఒక్కొక్క తరగతి వాహనములను ఒక్కొక్క దారిమీద నిషేధించుటకును పరిమితము చేయుటకును రాష్ట్ర ప్రభుత్వమునకు అధికారము గలదు. నెలకు మించని నిషేధమైనచో గెజిటు ప్రకటన సైతము అక్కరలేదు, స్థానికముగ చాటింపు వేసిన చాలును. సంక్రాంతి రద్దీ వారము దినములది. ఆ వారము బరువు లారీలను పగటివేళ ఏ దారిన ఆపవలెనో, కారులకు ఏ ప్రక్కదారి విడువవలెనో, ఏ వంతెనమీదికి పోనీయరాదో ముందుగ నిర్ణయించుటకు శాసనము అడ్డురాదు.

ప్రక్కదారులు మనకు లేకపోలేదు. పండుగ దినములలో రహదారి చెంత మంచినీరు పంచు స్వచ్ఛంద సేవకులతో మేమును కొన్నిమారులు నిలిచియున్నాము. ఎచ్చటికని యడిగినపుడు గుంటూరు, ఒంగోలు, నెల్లూరు అని చెప్పినవారెందరో! వీరికి విజయవాడతో పనియేమి? వారు నగరపు బాహ్యవలయ రహదారిపై బొంగుళూరు గేటు చెంత దిగి, ఇబ్రహీంపట్నము మీదుగ నాగార్జునసాగరమునకును, అచ్చటినుండి మాచర్ల, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగ గుంటూరునకును పోవచ్చును. కొంతదూరము వచ్చినవారు నార్కట్‌పల్లి కడ కుడివైపునకు మరలి నల్లగొండ, మిర్యాలగూడెము దాటి, మూసీ కృష్ణలు కలియు వాడపల్లి చెంత నదిని దాటి పల్నాడును చేరవచ్చును. ఇవి పుంతలు కావు, లారీలు నిత్యము నడచు పెద్దదారులు. పంతంగి రద్దీని తప్పించుకొని చిట్యాల చేరగోరువారికి ఘట్‌కేసరు, భువనగిరి, వలిగొండ, రామన్నపేటల మీదుగ మరియొక దారి గలదు. ఐతే అది సన్నని దారి. ఎందరు పట్టుదురో కొలత యుండవలెను. సాగరము దిగువను మాచర్ల వైపు మలుపులును అడవియు గలవు గనుక క్రొత్తవారు రాత్రివేళ పోకుండుట మేలు. ఇంధనమును ముందే నింపుకొనవలెను. కారుకన్న రైలు మేలని చెప్పుట నేడు పాతపాట. కాని బీబీనగరునుండి నల్లగొండ, మిర్యాలగూడెము, నడికుడి మీదుగ గుంటూరునకు రైలుమార్గ మున్నదను సంగతిని పండుగ రైళ్ళు వేయు అధికారులును మరువరాదు.

దారి తెలియనివాడు మనుష్యుని అడుగుట మన పూర్వాచారము. టీ బడ్డీకడ కూర్చున్న ముసలివాడు "ఆ కల్వర్టు కొట్టుకుపోయింది బాబూ, బండి పోదు" అని చెప్పును. ఫోనున కా సంగతి ఎవరో చెప్పిననే గాని తెలియదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశమున బరేలీ ప్రాంతమున రామగంగా నదిపై అసంపూర్ణమైన వంతెనమీదికి ఒక కారు పోయి, క్రిందపడి ముగ్గురు మరణించిరి. ఫోను చూపిన దారినే పోవుచుండిరని పోలీసులు చెప్పిరి. వంతెన ముందుభాగము అంతకుముందే వరదలో పోయినది. అడ్డుగ ఒక గోడ కట్టియుండినచో ఆ మువ్వురును బ్రదికియుందురు. ఫోను తప్పు కొంత యుండవచ్చును, కాని గోడ కట్టవలసిన ఇంజనీరు తప్పు మిక్కిలి పెద్దది. ఆ దుర్ఘటన పిమ్మట ప్రజాపనుల శాఖ ఇంజనీరులపై కేసు పెట్టుట న్యాయమే.

ఇక టోలు సంగతి. 2021 ఫిబ్రవరినుండి ఫాస్టాగు నిర్బంధమైనది. గేటుకడ ఆగవలసిన పనియే యుండదని నాడు చెప్పిరి. పంతంగిలోను, కొర్లపహాడులోను, చిల్లకల్లులోను పండుగనాడు నిలిచినవారు ఆ వాగ్దానమునకు సాక్షులు. సుంకము దేనికి? నిరాటంకముగ పోవుటకు. ఆ ప్రయాణమే లేనపుడు సుంకము ఏ ధర్మమున వసూలు చేయుదురు? కేరళలో త్రిచూరు చెంత పలియెక్కర గేటు విషయమున ఈ ప్రశ్నయే న్యాయస్థానమునకు వచ్చినది. మార్గము పనులచే స్తంభించియుండగ సుంకము కూడదని 2025 ఆగస్టులో హైకోర్టు వసూలును నిలిపివేసెను. దానిపై జాతీయ రహదారుల సంస్థ తెచ్చిన అప్పీలును సుప్రీముకోర్టు అదే నెలలో త్రోసివేసెను. పండుగ రద్దీకిని మరమ్మతుల రద్దీకిని భేదము గలదని ప్రతిపక్షపు వకీలు వాదింపవచ్చును. మేము కాదనము. కాని బారు ఇంత పొడవు మించినచో గేట్లెత్తి బండ్లను వదలవలెనను నియమమును ఈ తీర్పు వెలుగులో మన రెండు ప్రభుత్వములును కేంద్రమును అడుగవచ్చును. అడుగుటకు ఖర్చులేదు.

రెండు ప్రభుత్వములని యంటిమి. 2014 తరువాత ఈ దారి ఎక్కువభాగము తెలంగాణమున, తక్కినది ఆంధ్రప్రదేశమున ఉన్నది. కోదాడ దాటి జగ్గయ్యపేట వచ్చులోపల అధికారము మారును. బండ్ల బారు మాత్రము మారదు. కావున నల్లగొండ, సూర్యాపేట, ఎన్‌టీఆర్, పల్నాడు జిల్లాల కలెక్టరులును పోలీసు అధిపతులును దసరా వెళ్ళినంతనే ఒకచోట కూర్చుండి, ఏ ఊరికి పోవువారు ఏ దారిన పోవలెనో పటము గీయించి, దానిని బస్సు స్టాండులలోను, పెట్రోలు బంకులలోను, పఠన మందిరములలోను అంటింపవలెను. ఫోను పటములు నడుపు కంపెనీలకు ఆ నిర్ణయమును తెలిపి, మూసిన దారులను మూసినవిగనే చూపవలసినదిగ వ్రాయవలెను. ధాన్యము ఆరబోయుటకు ప్రక్కదారుల పొడుగున పంచాయతీ స్థలములను చదునుచేయించి, రైతునకు రోడ్డు అవసరము లేకుండ చేయవలెను. ఈ చివరిపని ముందు జరుగవలెను. రైతు తన వడ్లను ఎత్తుకొనుటకు చోటు చూపనిదే ఆతని యూరి దారిని కారులకు విడువుడని చెప్పు అధికారము ఏ కలెక్టరునకును లేదు.