పెద్ద కంపెనీ షోరూం ఏ వీధిలో?

దేశంలో యాపిల్ సొంత షోరూం కొత్తగా ఎక్కడ తెరిచినా హైదరాబాద్‌లో ఒకటే ప్రశ్న: మనకెప్పుడు? 2023 ఏప్రిల్‌లో ముంబయి బీకేసీలో మొదటిది, రెండు రోజులకే దిల్లీ సాకేత్‌లో రెండోది తెరిచారు. 2025 సెప్టెంబరులో బెంగళూరు హెబ్బాళకు, పుణె కోరేగావ్ పార్క్‌కు, డిసెంబరులో నోయిడాకు వంతు వచ్చింది. ఆ ఏడాది ముగిసేనాటికి దేశంలో ఉన్నవి ఐదు. వాటిలో మన నగరం లేదు. ఇదే కంపెనీ 2016లో నానక్‌రామ్‌గూడలో అభివృద్ధి కేంద్రం పెట్టింది. ఐకియా దేశంలో తన తొలి దుకాణాన్ని 2018లో హైటెక్ సిటీలోనే తెరిచింది. ఆ మరుసటి ఏడాది అమెజాన్ ప్రపంచంలోనే తన అతి పెద్ద క్యాంపస్ భవనాన్ని ఇక్కడే ప్రారంభించింది. ఇంత ఉండి షోరూం లేదే అని నగరం చిన్నబుచ్చుకోవడంలో వింత లేదు. అయితే ఆ ఐదు చిరునామాలనూ ఒకచోట పెట్టి చూస్తే, ఐదూ మాల్‌లే. రేపు హైదరాబాద్‌కు వచ్చినా పడమటి వైపు ఏదో ఒక మాల్‌లోకే వచ్చే అవకాశం ఎక్కువ. నగర భవిష్యత్తుకు సంబంధించినంత వరకు, ఏ సంవత్సరం వస్తుందన్న దానికంటే ఏ చోటికి వస్తుందన్నదే పెద్ద విషయమని నా వాదన.

ముందు ఈ పరువు సంగతి తేల్చుకోవాలి. షోరూం రావడం నగరానికి దక్కిన బిరుదు, రాకపోవడం అవమానం అనుకుంటే లెక్క తప్పుతుంది. మన దేశంలో తొలి షోరూంకు 2023 దాకా పట్టిందంటే కొనేవాళ్లు లేక కాదు. సింగిల్ బ్రాండ్ రిటైల్‌లో 2012లో నూరు శాతం విదేశీ పెట్టుబడికి అనుమతి ఇచ్చినా, 30 శాతం సరుకు ఇక్కడే కొనాలన్న నిబంధన అడ్డుగా నిలిచింది. 2019లో దాన్ని సడలించాకే దారి సులువైంది. అమెరికాలో ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఉంది. డల్లాస్ శివార్లలోని ప్లేనో, ఫ్రిస్కో సంపన్న పట్టణాలు, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన చోట్లు. 2019 ఏప్రిల్‌లో యాపిల్ ఆ రెండు చోట్లా షోరూంలు మూసేసి, దక్షిణాన గలేరియా డల్లాస్ మాల్‌లో కొత్తది తెరిచింది. పేటెంట్ హక్కుదారులకు అనుకూలమని పేరుపడిన తూర్పు టెక్సాస్ ఫెడరల్ కోర్టు పరిధి నుంచి బయటపడేందుకే ఇలా చేసిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అక్కడి జనం కొనుగోలు శక్తిలో లోటేమీ లేదు. చిరునామాను నిర్ణయించేవి కంపెనీ సొంత అవసరాలు. మరి నగరం కూడా తన అవసరాలేమిటో తేల్చుకుని మాట్లాడాలి కదా.

మాల్‌లో నగరానికి అలా మాట్లాడే అవకాశం దాదాపు ఉండదు. ముంబయి షోరూం అద్దె ఒప్పందం వివరాలు పత్రికల్లో వచ్చాయి. సుమారు 20,800 చదరపు అడుగుల స్థలం, పదకొండేళ్ల గడువు, నెలకు కనీసం 42 లక్షల రూపాయల అద్దె, అమ్మకాల్లో మాల్ యజమానికి వాటా. వీటికంటే ఆలోచించాల్సిన షరతు మరొకటుంది. అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, సోనీ, ఎల్‌జీ సహా 22 పోటీ సంస్థలు ఆ షోరూం చుట్టూ నిర్దేశించిన మేర దుకాణం పెట్టకూడదు, ప్రకటన బోర్డు కూడా కట్టకూడదు. ఒక ప్రైవేటు స్థలంలో ఇద్దరు చేసుకున్న ఒప్పందం కాబట్టి చట్టరీత్యా తప్పుపట్టేదేమీ లేదు. అయినా పక్కన ఎవరుండాలో ఒక వ్యాపారి నిర్ణయించడం బజారు స్వభావానికే విరుద్ధం. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో గానీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ ఒకే వస్తువుకు నాలుగు కొట్లలో ధర అడిగి, ఐదో కొట్లో కొనొచ్చు. పాత ఫోను అక్కడే అమ్మొచ్చు, పగిలిన తెర అక్కడే మార్పించుకోవచ్చు. కొత్తగా దిగినవాడు పక్కవాడిని వెళ్లగొట్టే షరతు పెట్టలేడు. కొనేవాడికి ఆ బేరం బలం ఇస్తున్నది వీధే.

వీధి నగరానిది కాబట్టి అక్కడ నగరం మాట చెల్లుతుంది. వాషింగ్టన్‌లో 1903 నాటి కార్నెగీ గ్రంథాలయ భవనాన్ని బాగుచేసి 2019లో యాపిల్ అందులోకి వెళ్లింది. నగర చరిత్ర కేంద్రం అదే భవనంలో కొనసాగుతోంది. మెల్‌బోర్న్‌లో ఫెడరేషన్ స్క్వేర్‌లో ఒక భవనాన్ని పడగొట్టి షోరూం కడతామంటే ప్రజలు వ్యతిరేకించారు, 2019లో వారసత్వ సంస్థ అనుమతి నిరాకరించింది, ప్రతిపాదన ఆగిపోయింది. స్టాక్‌హోం నడిబొడ్డు పార్కులో తలపెట్టిన షోరూంను 2018 ఎన్నికల తర్వాత కొత్త నగర పాలకవర్గం వద్దంది. ఒకచోట సరే అన్నారు, రెండుచోట్ల కాదన్నారు. మూడుచోట్లా పౌరులకు అడిగే హక్కు ఉంది. మెల్‌బోర్న్, స్టాక్‌హోం నిర్ణయాలు సరైనవే. మన మొజంజాహీ మార్కెట్‌ను ఒక కంపెనీకి అప్పగిస్తామంటే నేనూ వ్యతిరేకిస్తాను. నేను కోరుతున్నది వీధిలో నలుగురితో పాటు ఒక దుకాణం. మన దేశంలో అది కుదరదనడానికీ లేదు. శామ్‌సంగ్ 2018లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులోని బ్రిటిష్ కాలపు ఒపేరా హౌస్‌ను తీసుకుని 33,000 చదరపు అడుగుల షోరూం తెరిచింది. వీధి నడవదగ్గదైతే పెద్ద కంపెనీ కూడా వస్తుందనడానికి ఇది చాలు.

మన ఎండల్లో జనం ఏసీ మాల్‌నే కోరుకుంటారన్నది తరచూ వినే అభ్యంతరం. దానికి జవాబు ఈ నగరమే ఎన్నడో చెప్పింది: నిజాం కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టీని కట్టినప్పుడు కొట్ల ముందు రాతి కమాన్ల నీడ కల్పించింది. కారు ఎక్కడ ఆపాలంటారు. అబిడ్స్‌కు నాంపల్లి మెట్రో స్టేషన్, పార్క్‌లేన్‌కు ప్యారడైజ్ స్టేషన్ దగ్గరే. స్టేషన్ నుంచి కొట్టు దాకా అడ్డంకి లేని కాలిబాట లేకపోవడమే అసలు చిక్కు. యజమానులు అనేకమంది, దస్తావేజులు చిక్కుముళ్లు, ఒకే చేతి కింద ఉన్న మాల్‌తో సంతకం సులువు అన్న మాటలో మాత్రం నిజముంది. అలాంటి చోట ప్రభుత్వమే ముందుకొచ్చి యజమానులను ఒక తాటి మీదికి తేవాలి. పెట్టుబడుల కోసం విదేశాల్లో కంపెనీలతో కూర్చునే మంత్రులకు ఈ పని చేతకానిదేమీ కాదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. పెద్ద షోరూం వస్తే వీధిలో అద్దెలు పెరిగి, ఏళ్ల తరబడి అక్కడే బతుకుతున్న చిన్న వ్యాపారి లేచిపోవాల్సి రావచ్చు. ఇది ఊహాజనిత భయం కాదు, బాగుపడిన వీధుల్లో జరిగేదే. కవర్లు, గ్లాసులు, మరమ్మతులు, పాత ఫోన్ల బేరం పెద్ద షోరూం చుట్టూ పెరుగుతాయన్నదీ నిజమే గానీ, అద్దె కట్టలేక ఖాళీ చేసినవాడికి ఆ లాభం అందదు. అందుకే కాలిబాట వేసే పనీ, అద్దెదారుకు రక్షణా ఒకే పథకంలో ఉండాలి. జీహెచ్‌ఎంసీ సొంత సముదాయాల్లో చిన్న కొట్లకు దీర్ఘకాలిక లీజు, అద్దె పెంపునకు ముందే రాసుకున్న పరిమితి ఉంటే ప్రైవేటు యజమానులతో బేరానికీ ఒక కొలత దొరుకుతుంది. అమరావతిలో ఈ పని ఇంకా తేలిక. అక్కడి వీధులు చాలావరకు ఇప్పుడే గీస్తున్నారు. ప్రహరీ గోడ అడ్డం లేకుండా నేరుగా కాలిబాట మీదికి తెరుచుకునే కొట్లు, వాటికి నీడ, చిన్న వ్యాపారికి కేటాయించిన వాటా ఏ రోడ్ల వెంట ఉండాలో నిర్మాణ నిబంధనల్లోనే రాయొచ్చు.